అత్తాకోడళ్ల మధ్య దుబాసీ ఎందుకు?

నెల్లూరు జిల్లా కోవూరు ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు, పేరు వేయవద్దని కోరుతూ పెద్ద ఉత్తరమే రాశారు. దాని సారాంశం ఇది.

ఆమె పుట్టి పెరిగింది శ్రీకాకుళం జిల్లాలో, పలాస దగ్గర ఒక పల్లెలో. భర్తది కోవూరు దగ్గర ఊరు. చెన్నైలో ఉద్యోగాలు చేస్తున్నప్పుడు పరిచయమై, రెండువైపులా పెద్దలను ఒప్పించి పెళ్లి చేసుకున్నారు. ఏడేళ్లు చెన్నైలోనే కాపురం ఉన్నారు. నిరుడు మామగారు పోయాక రొయ్యల గుంటలు చూసుకునేవారు లేక ఊరికి వచ్చేశారు. ఇంట్లో ఇప్పుడు నలుగురు: ఆమె, భర్త, 69 ఏళ్ల అత్తగారు, ఐదేళ్ల కూతురు.

అత్తగారికి కోడలి మాట అర్థం కాదు. కోడలు నోరు తెరవగానే ఆవిడ కళ్లు కొడుకు వైపు తిరుగుతాయి. అతను అదే మాటను తమ యాసలో మళ్లీ చెబుతాడు. పులుసులో ఉప్పు సరిపోయిందా అన్న ప్రశ్న కూడా అతని మీదుగానే వెళ్లి రావాలి. ‘ఒకే భాష మాట్లాడే ఇద్దరం దుబాసీని పెట్టుకుని బతుకుతున్నాం’ అని రాశారామె.

మొన్న వేసవిలో పాప మేడ మీద నీళ్లలో జారిపడింది. కంగారులో ఆమెకు పుట్టింటి మాటే వచ్చింది. ‘గుంట జారిపోయింది, గుంట జారిపోయింది’ అని మెట్ల మీద నుంచి కేక వేశారు. శ్రీకాకుళం వైపు గుంట అంటే ఆడపిల్ల. కింద కూర్చున్న అత్తగారు రొయ్యల గుంట గట్టు జారిందనుకుని కొడుక్కి ఫోన్ చేశారు. అతను పనివాళ్లను వెంటేసుకుని గుంటల దగ్గరికి పరుగెత్తాడు. పాపకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఊరు చాలా రోజులు నవ్వుకుంది. ఆమె మాత్రం నవ్వలేకపోయారు.

అత్తగారు కావాలనే ఇలా చేస్తున్నారని ఆమె అనుమానం. టీవీ సీరియళ్లలో అందరి మాటా ఆవిడకు అర్థమవుతుంది, పక్కింటికి వినబడేంత సౌండు పెట్టుకుని మరీ చూస్తారు. తడ వైపు నుంచి వచ్చి చీరలమ్మే తమిళావిడతో గంటలకొద్దీ కబుర్లాడతారు. ఒక రాత్రి కోడలు తల్లితో ఫోనులో, గొంతు తగ్గించి, ‘మా అత్తకు నేనంటేనే గిట్టదు’ అంటే పక్క గదిలోంచి ‘ఎవరికి గిట్టదు?’ అన్న ప్రశ్న వచ్చింది. ఒంగోలులో ఉండే ఆడబిడ్డేమో, ‘మా అమ్మకు అందరి మాటా తెలుస్తుంది వదినా, నువ్వే కాస్త మార్చుకో’ అంటుంది. వీటన్నిటికన్నా ఆమెను కుంగదీసినది కూతురి మాట. ‘అమ్మా, అట్లా కాదు, ఇట్లా అనాలి’ అని ఆ పిల్ల దిద్దుతోంది. బడి స్నేహితురాలితో ‘మా అమ్మ మాట తమాషాగా ఉంటుంది’ అంది.

‘నా యాస మొత్తం మార్చుకోవాలా? అత్తయ్య నటిస్తున్నారా? నెల్లూరులో వేరు కాపురం పెట్టమని మా ఆయనను అడగనా? సంక్రాంతికి మా అమ్మను పిలిస్తే ఇంకా చెడుతుందా?’ ఇవీ ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరంలో ఎక్కడా శ్రీకాకుళం యాస కనబడలేదు, ఆ గుంట అన్న మాట దగ్గర తప్ప. మీ అత్తగారు రోజూ పేపరు చదువుతారని, నెల్లూరు వారపత్రిక జమీన్ రైతు కూడా తెప్పించుకుంటారని రాశారు కదా. ఈ ఉత్తరమే ఆవిడ చేతిలో పెడితే ఒక్క ముక్క కూడా కొడుకును అడగకుండా చదివేస్తారు. పెట్టమనడం లేదు, ఆవిడ చదవకూడనివి అందులో చాలా ఉన్నాయి. మీ ఇద్దరి మధ్య భాష అడ్డుగా లేదని చెప్పడానికే ఈ మాటన్నాను. చిక్కంతా మీ గొంతుకూ ఆవిడ చెవికీ మధ్య ఉంది.

మాట నోటి నుంచి ఒక ఖాయమైన రూపంతో బయలుదేరుతుందని, చెవి దాన్ని అలాగే అందుకుంటుందని మనం అనుకుంటాం. అలా జరగదు. మీరు పలికే ‘ఎ’, మీ వారు పలికే ‘ఎ’, మీ పాప పలికే ‘ఎ’ కొలిచి చూస్తే మూడూ వేర్వేరు. ఒకరి ‘ఎ’ ఇంకొకరి ‘ఇ’కి దగ్గరగా కూడా ఉండవచ్చు. 1957లో బ్రిటన్‌లో లాడెఫోగెడ్, బ్రాడ్‌బెంట్ అనే ఇద్దరు ఒక తమాషా ప్రయోగం చేశారు. ఒక చిన్న మాటను మార్చకుండా అలాగే ఉంచి, దానికి ముందు వచ్చే వాక్యపు గొంతును మాత్రం మార్చి వినిపించారు. ముందు వాక్యం మారేసరికి, మారని ఆ మాటే చాలామందికి వేరే మాటగా వినబడింది. సంతలో గింజలు కొనేవాడు ముందు ఆ అంగడివాడి మానిక ఎంతదో చూసుకుంటాడు, చెవి చేసే పనీ అదే. ఎదుటి మనిషి కొలత ఏమిటో ముందు పట్టుకుంటుంది, ఆ తర్వాతే మాటను కొలుస్తుంది.

తెలిసిన మనుషుల దగ్గర ఈ పని జరుగుతున్నట్టు కూడా మనకు తెలియదు. 1994లో అమెరికాలో కొందరికి పదిమంది కొత్త గొంతులను కొన్ని రోజులపాటు వినిపించి, ఏ గొంతు ఎవరిదో గుర్తుపట్టడం నేర్పారు. ఆ తర్వాత ఎన్నడూ వినిపించని మాటలను రొదలో కలిపి వినిపించారు. పరిచయమైన గొంతులు పలికిన మాటలు వాళ్లకు మెరుగ్గా తెలిశాయి. గొంతు తెలిస్తే మాట కూడా తెలుస్తుందన్న మాట. మరి మీ అత్తగారు మీ గొంతు ఎంతసేపు విన్నారు? చెన్నైలో ఉన్న ఏడేళ్లూ ఫోను మీ వారి చేతిలోనే ఉండేదని, మీరు పక్క నుంచి ‘బాగున్నారా అత్తయ్యా’ అనేవారని రాశారు. ఇక ఈ ఏడాది సంగతి. మీ వాక్యం సగంలో ఉండగానే ఆవిడ కళ్లు కొడుకు వైపు తిరుగుతాయి. కళ్ల వెంట చెవీ వెళుతుంది. మిగతా సగం గాలికి పోతుంది. అంటే ఏడాదిగా ఒకే ఇంట్లో ఉన్నా, ఆవిడ చెవికి మీ గొంతుతో గడిచిన సమయం చాలా తక్కువ.

అందుకే నా అనుమానం మీ అత్తగారి మీద కాదు, మీ వారి మీద.

కోపం తెచ్చుకోవద్దు. ఆయన మంచితనంతోనే చేస్తున్నారు. తల్లి ముఖంలో అయోమయం, భార్య ముఖంలో చిన్నబుచ్చుకోవడం చూడలేక మధ్యలో దూరి మాట అందిస్తున్నారు. కానీ ఆ అందించడమే తల్లి చెవికి సాధన లేకుండా చేస్తోంది. మీ నోట సగం విన్న మాటే ఆయన నోట సుఖంగా దొరుకుతుంటే, కష్టపడి వినవలసిన అవసరం ఆవిడకు ఏముంది? ఇంకో మాట కూడా చెప్పాలి. తాను లేకపోతే ఈ ఇద్దరి మధ్య పొయ్యి కూడా వెలగదన్న భావన కొడుకులకు కాస్త తీయగానే ఉంటుంది. మీ వారికి ఉందని అనను. ఉంటే గనక, గమనించుకోమని చెప్పండి.

ఇప్పుడు మీరు చూపిన సాక్ష్యాలకు వస్తాను. తమిళావిడ మాట తెలుస్తుంది, నా మాట తెలియదా అన్నారు. నెల్లూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లా. తమిళపు విరుపుతో వచ్చే తెలుగు మీ అత్తగారు ఊయలలో ఉన్నప్పటి నుంచీ విన్నదే. మీ ఊరి పలుకు వెళ్లి వినాలంటే ఆవిడ ఏడు వందల కిలోమీటర్లు దాటి ప్రయాణం చేయాలి. దగ్గరితనం భాష వల్లనే వస్తుందనుకుంటాం గాని, చెవి దగ్గరితనం వేరు.

రాత్రి ఫోను మాట ఎలా వినబడింది అన్నది మీ బలమైన సాక్ష్యం. మీ స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు. అయితే 1959లో ఇంగ్లండులో మోరే అనే ఆయన చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక చెవిలో వినిపించేదాన్ని వెంటవెంటనే పైకి పలకమని చెప్పి, పట్టించుకోవద్దన్న రెండో చెవిలోకి విన్నవారి పేరును జొప్పించాడు. ఆ చెవిలో పడ్డ మిగతా మాటలు దాదాపు ఎవరికీ తెలియలేదు. పేరును మాత్రం దాదాపు మూడోవంతు మంది పసిగట్టారు. మన గురించిన మాట ఎలాంటి అడ్డునైనా దాటుకుని వస్తుంది. మీ ఇంట్లో ‘అత్త’ అంటే ఆవిడ పేరే కదా. పైగా రాత్రి వేళ, మిక్సీ లేదు, టీవీ లేదు. ఆవిడ అడిగినదీ ‘ఎవరికి గిట్టదు?’ అనే. ‘నాకా?’ అనలేదు. ఒకటి రెండు మాటలు చెవిన పడ్డాయి, మిగతా వాక్యం అందలేదు. నటించేవారు ఆ రాత్రి నోరు మూసుకుని ఉండేవారు.

టీవీ సంగతి వేరు. అక్కడ నాకు ఇంకొకటి కనబడింది. పక్కింటికి వినబడేంత సౌండు అని మీరు ఫిర్యాదుగా రాశారు, నేను దాన్ని లక్షణంగా చదివాను. వయసుతో వచ్చే వినికిడి లోపం చెవిని ఒక్కసారిగా మూసేయదు. ముందు హెచ్చు స్థాయి ధ్వనులు, అంటే సన్నగా కీచుగా ఉండేవి, తగ్గుతాయి. స, శ, ఫ వంటి హల్లుల గాలి చప్పుడు అక్కడే ఉంటుంది. అచ్చుల బలం కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి ఎవరో మాట్లాడుతున్నట్టు బాగానే వినబడుతుంది, ఏం మాట్లాడారో మాత్రం తెలియదు. ‘వినబడుతోంది గాని అర్థం కావడం లేదు’ అని ఈ వయసువాళ్లు అనే మాట అక్షరాలా నిజం. బొంగురు గొంతుతో, ఎదురుగా కూర్చుని మాట్లాడే కొడుకు దగ్గర ఈ లోపం బయటపడదు. నలభై ఏళ్లుగా వింటున్న గొంతు, కొన్ని ధ్వనులు అందకపోయినా అలవాటే పూరిస్తుంది. సన్నని గొంతుతో, వంటింట్లో పొయ్యి వైపు తిరిగి, తెలియని యాసలో మాట్లాడే కోడలి దగ్గర బయటపడుతుంది. వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే మనవరాలి మాట కూడా రెండుసార్లు అడుగుతారని మీరే ఎక్కడో నాలుగో పేజీలో రాశారు. ఆ వాక్యాన్ని మీరు మరోసారి చదువుకోండి.

కాబట్టి మొదటి పని వినికిడి పరీక్ష. దీన్ని మీరు ప్రతిపాదించవద్దు. కోడలు ‘మీకు చెవుడు’ అన్నట్టు వినబడితే ఆ ఇంట్లో ఇంకో ఏడాది మాటలుండవు. ఒంగోలు ఆడబిడ్డ చేత చెప్పించండి. ‘అమ్మా, చెవిలో గులిమి ఉందేమో చూపించుకుందాం’ అని ఆమె తీసుకువెళితే గౌరవంగా ఉంటుంది. నిజంగానే గులిమి గడ్డకట్టి ఉండవచ్చు కూడా, అలా అయితే ఒక పూటలో తేలిపోతుంది. చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూశాక యంత్రం మీద చేసే పరీక్షలో ఏ స్థాయి ధ్వని ఎంత తగ్గిందో గీత గీసి చూపిస్తారు. చెవికి యంత్రం పెట్టుకోమంటే మాత్రం ఒక సంగతి ముందే తెలుసుకుని ఉండండి. కళ్లజోడు పెట్టుకోగానే కనబడినట్టు, చెవి యంత్రం పెట్టుకోగానే అన్నీ తెలియవు. గిన్నెల చప్పుడు, ఫ్యాను రొద కూడా పెద్దవై వినబడతాయి. కొన్ని వారాలు చిరాకు పడి తీసి అలమరలో పెట్టేసేవారూ ఉంటారు. ఆ వారాలు దాటించడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఓపికగా ఉండాలి. పరీక్షలో చెవి బాగానే ఉందని తేలితే, అప్పుడు మిగిలేది పరిచయం ప్రశ్న ఒక్కటే. దానికి మందు మీ ఇంట్లోనే ఉంది.

ఆ మందు మీ వారు గదిలోంచి లేచి వెళ్లిపోవడం. అన్ని వేళలా కాదు, రోజులో ఒక పూట. ‘ఏమందిరా?’ అని తల్లి అడిగితే ‘తననే అడుగమ్మా’ అని చెప్పి ఊరుకోమనండి. మొదట్లో ఇల్లు కాస్త అధ్వానంగా ఉంటుంది. చింతపండు అడిగితే చీపురు వస్తుంది. ఆవిడకు విసుగు, మీకు ఏడుపు వస్తాయి. మీ వారు ఆగలేక మళ్లీ మధ్యలో దూరతారు. ఈ ఇబ్బందికి సిద్ధపడితేనే మొదలుపెట్టండి. రెండు రోజులు చేసి మానేస్తే, ‘చూశావా, ఎంత ప్రయత్నించినా ఈ అమ్మాయి మాట తెలియదు’ అన్న అభిప్రాయం ఇంకా గట్టిపడుతుంది. ఒక్క జాగ్రత్త: మందుల వేళలు, డబ్బు లెక్కలు, డాక్టరు చెప్పినవి మాత్రం నోటిమాటకు వదలవద్దు. చీటీ మీద రాసి ఇవ్వండి. రాతలో మీ ఇద్దరిదీ ఒకటే ఊరని ముందే చెప్పాను.

ఆ పూటలో ఏం మాట్లాడాలి? ఆవిడకు ముందే తెలిసినవి. ఇది నా సొంత కల్పన కాదు. 2003లో నెదర్లాండ్స్‌లో కొందరు పరిశోధకులు స, ఫ ధ్వనులకు మధ్యస్థంగా ఉండే, అటూ ఇటూ కాని ఒక ధ్వని తయారుచేసి డచ్చి మాటల్లో పెట్టి వినిపించారు. స ఉండవలసిన మాటల్లో దాన్ని విన్నవాళ్లు తర్వాత ఆ ధ్వనిని స కిందే జమకట్టారు. ఫ ఉండవలసిన మాటల్లో విన్నవాళ్లు ఫ కింద. అర్థం లేని మాటల్లో వినిపిస్తే మాత్రం చెవి సర్దుకోలేదు. అంటే ఆ మాట ఏమిటో మనసుకు ముందే తెలిసి ఉంటేనే, పలికిన తీరు చెవికి పాఠమవుతుంది. మీరు కొత్త సంగతులు కొత్త యాసలో చెబితే ఆవిడకు రెండూ పోతాయి. మామగారి సంగతులు, నెల్లూరు చేపల పులుసు ఎలా కలపాలి, పాప నామకరణం నాడు ఎవరెవరు వచ్చారు, ఇలాంటివి మాట్లాడండి.

ఇంకా మంచిది పేపరు. ఉదయం ఆవిడ చేతిలో పేపరు ఉండగా మీరు పక్కన కూర్చుని పైకి చదవండి. ‘కళ్లజోడు పెట్టుకుని చూస్తూ ఉండండి అత్తయ్యా, తప్పు చదివితే చెప్పండి’ అనండి. 2009లో డచ్చివాళ్లతోనే మరో ప్రయోగం జరిగింది. స్కాట్లండ్, ఆస్ట్రేలియా యాసల ఇంగ్లీషు వీడియోలు చూపిస్తూ కింద ఇంగ్లీషు అక్షరాలు వేస్తే, ఆ తర్వాత ఆ యాసల్లో కొత్త మాటలు కూడా మెరుగ్గా తెలిశాయి. డచ్చి అనువాదం వేస్తే కొత్త మాటలకు అది అడ్డే అయింది. మీ వారు చేస్తున్నది ఈ రెండో రకం, అనువాదం వేయడం. మీరు చేయవలసింది మొదటిది. ముఖం ఎదురుగా ఉండాలి, పెదవులు కనబడాలి. అరవవద్దు. అరిస్తే అచ్చులు మోగుతాయి, హల్లులు అంతగా పెరగవు, కోపంగా మాట్లాడుతున్నారన్న భావం అదనం. కాస్త నిదానంగా, వాక్యం మధ్యలో చిన్న విరామం ఇస్తూ చదవండి.

ఇక యాస మార్చుకోవడం. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మాటలు మార్చుకోవడం ఒకటి, పలికే తీరు, రాగం మార్చుకోవడం ఇంకొకటి. మాటలు మార్చుకోవడం సులువు, దానివల్ల పోయేదేమీ లేదు. అక్కడ ఉల్లిపాయలు ఎర్రగడ్డలు, బంగాళాదుంపలు ఉర్లగడ్డలు, గుంటలు పిలకాయలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా వ్యవసాయ పదాలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తిపదకోశం వేసినప్పుడే తేలిన విషయం ఇది: రైతు చేతిలోని పనిముట్ల పేర్లే జిల్లా జిల్లాకూ మారతాయి. చెన్నైలో ఉన్నప్పుడు మీరు తమిళ మాటలు నేర్చుకోలేదా? అలాగే ఇవీ. మొన్నటి గుంట గొడవ పూర్తిగా మాట వల్ల వచ్చినదే, పలుకుబడి వల్ల కాదు. రొయ్యల గుంటలతో బతికే ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం తట్టదు. మీ అత్తగారు సరిగ్గానే విన్నారు.

రాగం మార్చుకోవడం వేరు కథ. చేయవచ్చు. చేసినవాళ్లు ఉన్నారు. పెద్దయ్యాక అది రోజంతా వేషం వేసుకుని ఉన్నట్టుంటుంది. అలసిపోయినప్పుడు, భయపడినప్పుడు జారిపోతుంది, ఆ రోజు మెట్ల మీద జారినట్టే. పైగా మీరు అరువు గొంతుతో మాట్లాడితే మీ అత్తగారి చెవి ఆ అరువు గొంతుకు అలవాటు పడుతుంది. మీరు అసలు గొంతుతో మాట్లాడిన నాడు మళ్లీ ‘ఏమందిరా?’ అనే అంటారు. పదేళ్లు అక్కడ ఉంటే ఎంతో కొంత దానంతట అదే మారుతుంది, దానికి కష్టపడనక్కరలేదు. నా అభిప్రాయం అడిగితే, మాటలు అరువు తెచ్చుకోండి, గొంతు మీదే ఉంచుకోండి. ఊళ్లో దుకాణం పెట్టాలనో, బడిలో టీచరుగా చేరాలనో ఆలోచన ఉంటే ఆ ఊరి తీరు కొంత పట్టుకోవడం లాభమే. కానీ అది మీ అవసరం కోసం, ఆడబిడ్డ మెప్పు కోసం కాదు.

మీ ఆడబిడ్డకు ఒక మాట చెప్పవచ్చు. నేనూ ఉండేది ఒంగోలులోనే. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలు తీసి కలిపి కుట్టిన జిల్లా ఇది. ఒకే కలెక్టరాఫీసు వరండాలో గిద్దలూరు రైతు, చీరాల నేతపనివాడు, కందుకూరు పింఛనుదారు నిలబడి ఒకే గుమాస్తాకు గోడు చెప్పుకున్న రోజులు మా ఊరు చూసింది. ఆ గుమాస్తా వాళ్లలో ఎవరినీ ‘నువ్వే కాస్త మార్చుకో’ అనలేదు. రోజూ పదిమందిని వినీ వినీ అతని చెవే మెత్తబడింది.

చెవి బాగుండి, మీ వారు తప్పుకుని, కొన్ని నెలలు గడిచినా ఆవిడ మొదటి మాటకే ముఖం తిప్పేస్తే? అప్పుడు మీ అనుమానంలో కొంత నిజం ఉన్నట్టే. అయినా నటన అనను. 1992లో అమెరికాలో ఒక ప్రొఫెసరు ఒకే మహిళ గొంతులో రికార్డు చేసిన పాఠాన్ని విద్యార్థులకు వినిపించాడు. కొందరికి తెల్లజాతి యువతి ఫొటో, కొందరికి ఆసియా యువతి ఫొటో చూపించాడు. ఆసియా ముఖం చూసినవాళ్లకు ఆ గొంతులో లేని యాస వినబడింది, పాఠం కూడా తక్కువగా తలకెక్కింది. అర్థం కాదని ముందే నిశ్చయించుకున్న చెవికి నిజంగానే అర్థం కాదు. మన సినిమాలు దశాబ్దాలుగా ఉత్తరాంధ్ర పలుకును పనివాళ్లకూ హాస్యగాళ్లకూ తొడిగాయి, నెల్లూరు యాసనూ వదలలేదు. మీ అత్తగారి మనసులో శ్రీకాకుళం అంటే ఏముందో, కొడుకు తాను చూసిన సంబంధం చేసుకోలేదన్న బాధ ఎంత మిగిలిందో నాకు తెలియదు. అది ఉంటే, దానికి మందు ఉచ్చారణలో లేదు. మీ వారు తల్లితో ఒంటరిగా కూర్చుని మాట్లాడవలసిన సంగతి అది. ఆ ఒక్కచోట మాత్రం ఆయన మధ్యవర్తిత్వం పనికొస్తుంది.

వేరు కాపురం గురించి. అవమానాలు, తిట్లు ఉంటే వెంటనే వెళ్లమనేదాన్ని. మీ ఉత్తరంలో అవేమీ లేవు. ఇప్పుడు నెల్లూరు వెళితే మీకు ఊపిరి ఆడుతుంది, అది చిన్న లాభం కాదు. కానీ ఆవిడ వినే ఆ కాస్త సమయం కూడా పోతుంది. ఆదివారాలు వచ్చినప్పుడు మీ వారే మళ్లీ దుబాసీ అవుతారు, ఇక శాశ్వతంగా. భర్తను పోగొట్టుకుని ఏడాదైన మనిషి ఒంటరిగా ఉంటూ టీవీ సౌండు ఇంకా పెంచుకుంటారు. రొయ్యల పట్టుబడి రోజుల్లో మీ వారు ఎలాగూ రాత్రులు గుంటల దగ్గరే ఉండాలి కదా, మరి ఎవరి కోసం ఊరు మారుతున్నట్టు? ఆలోచించుకోండి. వినికిడి పరీక్ష అయ్యేదాకా అయినా ఈ నిర్ణయం ఆపుకోవడం మంచిదనిపిస్తుంది.

పాప సంగతి మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టిందని తెలుసు. ఐదేళ్ల పిల్లకు యాసంటే పరువు కాదు, కొత్త ఆట. ‘అమ్మమ్మ ఊళ్లో గుంట అంటారు, నాయనమ్మ ఊళ్లో పిలకాయ అంటారు, నీకు రెండూ వచ్చు’ అని చెప్పండి. అది గొప్ప అనుకుంటుంది. ఆ పిల్లను మాత్రం దుబాసీని చేయవద్దు. మీ వారు తప్పుకోగానే మీ అత్తగారి కళ్లు మనవరాలి వైపు తిరుగుతాయి, చూస్తూ ఉండండి. అది చేస్తున్న కొద్దీ ‘మా అమ్మ మాట ఎవరికీ తెలియదు’ అన్నది దాని మనసులో పాతుకుపోతుంది. పేపరు చదివే వేళ పాప బడిలో ఉండేలా చూసుకోండి.

మీ అమ్మగారిని సంక్రాంతికి రమ్మనండి. మూడు రోజులకు కాదు, కుదిరితే మూడు వారాలకు. మీ తమ్ముణ్నీ కొన్నాళ్లు ఉండిపొమ్మనండి. 2008లో అమెరికాలో చూశారు: చైనావాళ్ల యాస ఉన్న ఇంగ్లీషును ఒక్కరి గొంతులోనే విన్నవాళ్లకన్నా, నలుగురైదుగురి గొంతుల్లో విన్నవాళ్లు కొత్తగా వచ్చిన మరో చైనా మనిషి మాటను బాగా పట్టుకున్నారు. ఇద్దరు ముగ్గురి నోట వింటే మీ వైపు పలుకుబడి ఏదో, మీ సొంత గొంతు ఏదో మీ అత్తగారి చెవికి విడివిడిగా తెలుస్తాయి. ప్రమాదం లేకపోలేదు. ఇంటినిండా శ్రీకాకుళమే వినబడితే తన ఇంట్లో తానే పరాయి అయ్యానని ఆవిడకు అనిపించవచ్చు. అందుకని పిలుపు మీ నోట కాకుండా ఆవిడ నోట వెళ్లనివ్వండి. ఫోను కలిపి ఆవిడ చేతికివ్వండి. ఫోను గొంతును కోసి సన్నగా పంపుతుంది, పెదవులు కనబడవు కాబట్టి వీడియో కాల్ పెట్టండి. మీ అమ్మగారికి కూడా నెల్లూరు మాట అంత సులువుగా తెలియదని మీరే రాశారు. వియ్యపురాళ్లిద్దరూ ఒకరినొకరు రెండుసార్లు అడిగించుకుంటారు. అడిగించుకోనివ్వండి. ఆ సమయంలో మీ వారిని గుంటల దగ్గరికి పంపేయండి.